‘లే’ లేని మాట

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది నా పెనిమిటి పోయాక, మనవలు బడికి వెళ్ళే రోజుల్లో. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక పుట రాయాలంటే నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే సరిదిద్దుకుని చదవండి.

సాలూరులో నేను చెప్పే కాలానికి లారీలు వాటంతట అవే కొండమీది ఘాటు రోడ్డు ఎక్కి దిగుతున్నాయి. డ్రైవరు కూర్చునే చోట కూడా సరుకే వేస్తున్నారు. డ్రైవర్లు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళ భార్యలు మిగిలారు. వాళ్ళుండే వీధికి మాత్రం డ్రైవర్ల వీధి అన్న పేరు మారలేదు.

ఆ వీధిలో ఒక పొద్దున్న డెబ్బై తొమ్మిదేళ్ళ రోజారాణిని ఆమె ఇంటి గోడ నిద్ర లేపింది.

"తెల్లారిందండీ. కుడి మోకాలు ఎలా ఉంది?"

"దానికేటి, మారాణీలాగుంది. నొప్పేటీ లేదులే."

"సంతోషమండి. అయితే ఈ పూట నొప్పి మందు ఆపేస్తున్నాను."

రోజారాణి గోడ వైపు తిరిగింది. "ఆపీ. నువ్వు పెళ్ళి చేసుకున్నదానివా, కాపురం చేసినదానివా, నీకేటి తెలుస్తాది" అని మంచం పట్టె పట్టుకుని మూలుగుతూ లేచింది.

ఆ గోడలో మాట్లాడేది ‘చేదోడు’. అది పైకి గొంతే గానీ దాని వెనక ఊరంతా ఉంది. ఇదివరకు ముసలివాళ్ళకి మందులు ఒక చోట, భోజనం ఒక చోట, పింఛను ఒక చోట, కాళ్ళు పట్టేవాళ్ళు మరో చోట. ఒకరికి ఇంకొకరి సంగతి తెలిసేది కాదు. చేదోడు వచ్చి ఆసుపత్రినీ, వంటశాలనీ, స్నానాల బండినీ, వార్డు ఆఫీసునీ ఒక్క తాటికి కట్టింది. ఇరుగుపొరుగునీ, చుట్టాలనీ కూడా అందులోనే కలిపింది.

యాభై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ అది ఒక ‘రేపటి పటం’ గీస్తుంది. ఇంజనీర్లు దాన్ని కేర్ మ్యాప్ అంటారు. ఈ మనిషికి చూపు ఎప్పుడు తగ్గుతుంది, కాళ్ళు ఎప్పుడు మొరాయిస్తాయి, అప్పుడు ఎవరు వచ్చి పట్టుకుంటారు అన్నదంతా అందులో ముందుగానే ఉంటుంది. పటంలో రెండు రంగుల దారాలు ఉంటాయి. తెల్ల దారం అంటే యంత్రం చేసే సాయం. చేదోడు పంపించే పనిబొమ్మలు, అంటే కేర్ రోబోలు, ఒళ్ళు తుడుస్తాయి, అన్నం తినిపిస్తాయి. ఎర్ర దారం అంటే మనిషి. పటంలో ఒక్క ఎర్ర దారమైనా ఉంటేనే ముసలివాళ్ళు సొంత ఇంట్లో ఉండొచ్చు. ఒక్కటీ లేకపోతే ఊరి చివర ‘నీడ’ అనే భవనానికి మారాలి. ఎన్ని బొమ్మలు ఉన్నా, మనిషి మొహం చూడని ఇంట్లో మనిషిని ఉంచకూడదని పెట్టిన నియమం అది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు.

ఎర్ర దారాలు ఎలా పుడతాయంటే, మాట వల్ల పుడతాయి. ఎవరైనా గడపలో నిలబడి ‘రేపు వస్తాను’ అంటే చేదోడు ఆ మాటని పట్టుకుంటుంది. దాని పేరు ‘మాటపట్టు’. మనిషి వస్తానన్న పూట పనిబొమ్మని పంపించదు. మొదట్లో పంపించేవారు. బొమ్మ కనిపించగానే వచ్చిన మనిషి ‘ఇంక నేనెందుకు’ అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు. అందుకని మానేశారు.

లెక్క ప్రకారం అంతా బాగుండాలి. కానీ ఆ ఏడాది డ్రైవర్ల వీధిలో ముసలివాళ్ళు పస్తులున్నారు. మందు వేళకి అందక ఒకాయన చూపు పోయింది. పటాలు చూస్తే ఎర్ర దారాలు నిండుగా ఉన్నాయి. తప్పు ఎక్కడుందో తెలుసుకోమని హంసినిని పంపించారు.

హంసిని భాషా ఇంజనీరు. యంత్రానికి తెలుగు నేర్పించిన వాళ్ళలో ఒకతె. భర్త లేడు. కూతురు ఇందుజతో కలిసి సాలూరులోనే కాపురం పెట్టింది. ఆమె రోజారాణి అరుగు మీద కూర్చుని టీ తాగుతుండగా, ఎదురింటి కావ్య స్కూటరు దిగకుండానే కేకేసింది.

"మామ్మా, సాయంత్రం వస్తాన్లే. కూర తెస్తాను."

"అలాగేనమ్మా, జాగ్రత్తగా వెళ్ళు" అంది రోజారాణి. ఆ వెంటనే లోపలికి తిరిగి, "ఒరే చేదోడూ, రాత్రికి నాకు రెండు ఇడ్లీలు పంపించు" అంది.

"కావ్య గారు కూర తెస్తానన్నారండి. మాట పట్టుకున్నాను. ఈ రాత్రికి మీకు మావైపు నుంచి భోజనం లేదు."

"చూసినావా హంసమ్మా, దీని తెలివి" అంది రోజారాణి. ఆమె హంసిని అన్న పేరు ఒక్కరోజూ పూర్తిగా పలకలేదు.

"వస్తానంది కదా మామ్మా" అంది హంసిని.

"వస్తానంటే వచ్చునేమో. వస్తాన్లే అంది."

హంసిని నోటి దగ్గరికి తీసుకెళ్ళిన గ్లాసు అలాగే ఆపింది. తర్వాత నవ్వొచ్చింది. ఆమె కూడా ఆ రోజు పొద్దున్నే కూతురితో ‘సాయంత్రం బజారుకి వెళ్దాంలే’ అని వచ్చింది. వెళ్ళే ఉద్దేశం లేదు. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న, అంటున్న మాటే. యంత్రానికి వేల గంటల తెలుగు వినిపించింది గానీ ఈ ఒక్క అక్షరం ఏం చేస్తుందో చెప్పాలని తోచలేదు. ‘ఇస్తాను’ అంటే ఇచ్చేది. ‘ఇస్తాన్లే’ అంటే ఇక అడగొద్దనేది.

ఆమె ఆ వారమే చేదోడుకి పాఠం చెప్పింది. మాట చివర ‘లే’ వస్తే ఆ మాటని నమ్మకు. వస్తాన్లే అంటే రారని లెక్క వేసుకుని పనిబొమ్మని పంపు. నొప్పి లేదులే అంటే ఉందని మందు పంపు. ఆ సవరణకి ఇంజనీర్లు ‘లే-జల్లెడ’ అని పేరు పెట్టారు.

జల్లెడ బ్రహ్మాండంగా పనిచేసింది. పస్తులు ఆగిపోయాయి. మందులు వేళకి అందాయి. చేదోడు జిల్లా అధికారి జగ్గారావు స్వయంగా వచ్చి, ఈ అక్షరం కనిపెట్టినందుకు హంసినికి శాలువా కప్పాడు.

"మా ఆవిడ ముందే చెప్పుండేది మేడమ్, నన్నడిగుంటే. ముప్పై ఏళ్ళుగా నా ‘లే’లు లెక్కపెడుతోంది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇంకో సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. వీధిలో వాళ్ళకి జల్లెడ సంగతి తెలిసిపోయింది. గడపలో నిలబడి ‘వస్తాన్లే’ అంటే చాలు, పనిబొమ్మ వెళ్తుంది. ముసలామె పస్తు ఉండదు. అన్నవాళ్ళ మనసులో ముల్లు ఉండదు. ఇదివరకు పది ‘వస్తాన్లే’లకి ఒకసారైనా సిగ్గుపడి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ ఒక్కసారీ రావడం మానేశారు. ఎర్ర దారాలు ఒక్కొక్కటే వెలిసిపోతూ వచ్చాయి. ఒక రోజు రోజారాణి పటంలో ఆఖరిది, కావ్యది, తెల్లబడింది.

చేదోడు ఆ మాట మెల్లగా చెప్పింది. "మీ పటంలో మనిషి లేరండి. నెలాఖరుకి నీడకి మారాలి. అక్కడ పదహారో మంచం మీకోసం ఉంచాను. కిటికీ పక్కది."

రోజారాణి ఆ రోజు గోడతో మాట్లాడలేదు. హంసిని వచ్చాక ఆమెతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఈ వీధిలో నేను రోజా మామ్మని. లారీల వెనక చిలకలు, తామరపూలు వేసినదాన్ని. ఆ మేడలో పదహారో మంచాన్ని. అంతే కదేటి తేడా."

"అక్కడ బాగా చూసుకుంటారు మామ్మా."

"చూసుకుంటారు. చూసుకోరని ఎవలన్నారు. బతికినన్నాళ్ళూ నా గుమ్మంలో నేను కూర్చోవాలనుంది. అది తప్పేటి? అబద్ధమో నిజమో, వస్తాన్లే మామ్మా అని గుమ్మంలో ఆగి పలకరించి పోయేవోళ్ళు. నీ జల్లెడొచ్చీసి ఆ అబద్ధం కూడా జల్లించీసింది."

హంసినికి ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. గోడ వైపు తిరిగి స్పష్టంగా చెప్పింది. "చేదోడూ, నేను వస్తాను. రోజూ పొద్దున్నే వచ్చి మామ్మని నీళ్ళగదికి తీసుకెళ్ళి, టిఫిను పెట్టి వెళ్తాను."

"గట్టి మాటండి. పట్టుకున్నాను" అంది చేదోడు. పటంలో కొత్త ఎర్ర దారం పుట్టింది. పదహారో మంచం ఇంకెవరికో ఇచ్చారు.

హంసిని మాట నిలబెట్టుకుంది. ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేది, కానీ వచ్చేది. రోజారాణి ఆమెకి చిక్కుడుకాయ వేపుడు నేర్పింది. తన పెనిమిటి సుంకి ఘాటులో బ్రేకులు పోయిన లారీని కొండకి ఆనించి ఆపిన కథ మూడు రకాలుగా చెప్పింది. ఒక్కో రకంలో లోయ ఇంకా లోతు అయ్యేది. "మొన్న రెండు తాటిచెట్ల లోతన్నావు మామ్మా" అంటే, "వాన పడితే లోయలు దిగవేటి" అనేది. వర్షాలు వచ్చాయి, పోయాయి. చలి మొదలైంది.

అప్పుడు పక్క జిల్లాల అధికారులు లే-జల్లెడ చూడటానికి వచ్చారు. తమ ఊళ్ళలో కూడా పెట్టుకోవాలని వాళ్ళ ఆశ. పొద్దున్నే ఘాటు మీది విశ్రాంతి గృహంలో సభ. వివరించవలసింది హంసినే. ఆమె చీర కట్టుకుంటూ డ్రైవర్ల వీధికి వెళ్ళి రావడానికి సమయం ఉందా అని చూసుకుంది. లేదు. ‘ఒక్క పూటే కదా, నేను వెళ్ళకపోతే చేదోడు బొమ్మని పంపిస్తుందిలే’ అనుకుంది.

ఆమె సభలో నిలబడి, మనిషి మాటని యంత్రం ఎలా తూకం వేస్తుందో చెబుతోంది. ఫోను కట్టేసి సంచిలో పెట్టింది.

డ్రైవర్ల వీధిలో రోజారాణి ఎదురు చూసి, ఇంక ఆగలేక తనే గోడ పట్టుకుని నీళ్ళగదికి వెళ్ళింది. నీళ్ళగదిలో యంత్రానికి కన్నూ చెవీ ఉండకూడదని ముసలివాళ్ళే అడిగి పెట్టించుకున్నారు. తడి నేల మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆమె పిలిచిన పిలుపులు ఆ గది దాటలేదు.

ఆమె బయటికి రాలేదని చేదోడుకి తెలుసు. హంసిని ఫోనుకి కబురు పంపింది. జవాబు లేదు. గట్టి మాట ఇచ్చిన మనిషి, ఆలస్యమైనా వచ్చే మనిషి, దారిలో ఉండి ఉంటుందని లెక్క వేసి, ఆమె వచ్చేదాకా బొమ్మల్ని ఆపి ఉంచింది. అలా మధ్యాహ్నం దాటిపోయింది. సాయంత్రం ఎదురింటి కావ్య స్కూటరు పెట్టుకుంటూ, నీళ్ళగది తూములోంచి మూలుగు విని తలుపు తోసింది.

ఆసుపత్రి వరండాలో హంసిని గోడతో పోట్లాడింది. అక్కడి గోడలో కూడా చేదోడే ఉంది.

"నేను రాలేదని నీకు తెలుసు కదా. బొమ్మని ఎందుకు పంపలేదు?"

"మీరు వస్తానన్నారండి."

"రాకపోతే?"

"మీరు వస్తానన్నారు. మీ మాటలో ‘లే’ లేదండి."

"ఒక్క పూట రాకపోతే నువ్వు వెళ్తావనుకున్నాను."

"ఆ ‘లే’ మీ మనసులో ఉండిపోయిందండి. నాకు వినపడలేదు" అంది చేదోడు. అది నిష్ఠూరంగా అనలేదు. దానికి నిష్ఠూరం రాదు. అదే హంసినికి ఎక్కువ బాధ కలిగించింది.

రోజారాణి తుంటి అతికింది గానీ కాలు నేల మీద నిలబడలేదు. నీడ భవనంలో ఇరవై మూడో మంచం ఇచ్చారు. హంసిని రోజూ వెళ్ళింది. కిటికీ పక్క మంచం కాదు అది. రోజారాణి పైకప్పు చూస్తూ ఉండేది. లోయల కథ చెప్పమంటే, "నువ్వే చెప్పుకోమ్మా, నీకు కంఠతా వచ్చు కదా" అనేది.

ఒక రోజు హంసిని ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను రావలసింది మామ్మా. వస్తానని రాలేదు."

రోజారాణి ఆమె చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. "పనులుంటాయి కదమ్మా. పరవాలేదులే."

హంసిని తలెత్తింది.

"ఏడవకు. తగ్గిపోద్దిలే. నేనేటి చిన్నపిల్లనేటి" అంది రోజారాణి.

ఆ మంచం పక్కన కూర్చుని హంసిని ఆ అక్షరాన్ని మళ్ళీ కొత్తగా విన్నది. ‘తగ్గిపోద్దిలే’ అన్నది తగ్గుతుందని కాదు, తగ్గదనీ కాదు. నీ బరువు కాస్త నా మీద పెట్టు అని. తప్పించుకోవడానికి వాడే అక్షరంతోనే ఈ ఊరివాళ్ళు ఒకరినొకరు ఊరడించుకుంటున్నారు. ఆమె జల్లెడ రెంటినీ ఒకే తవుడు కింద పారబోసింది. ఇది యంత్రానికి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. మంచం తల దగ్గర పనిబొమ్మ మాత్రం ‘పరవాలేదులే’ అన్న మాట విని, రోజారాణికి నొప్పి మందు తెచ్చి నోట్లో వేసింది.

మామిడి పూత రాలక ముందే రోజారాణి పోయింది. కావ్య చాలాసేపు ఏడ్చింది. "కూర తెస్తాను తెస్తానని ఒక్కసారి కూడా తేలేదండి" అని అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెప్పుకుంది.

విచారణ జరిగింది. హంసినిని ఎవరూ నిందించలేదు. జగ్గారావు ఆమె ముందు కాయితం పెట్టి, ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"మేడమ్, మీలాంటివారి మాటే నిలబడలేదంటే ఇంకెవరి మాట నమ్మాలి చెప్పండి. ‘లే’ ఉన్న మాట ప్రమాదం కాదని తేలింది. లేని మాటే ప్రమాదం. పూర్తిగా తీసేద్దాం."

"మాటపట్టునా?"

"మాటనే. ఎవరు వస్తానన్నా, ఎంత గట్టిగా అన్నా, పటంలో రాయొద్దు. ప్రతి పూటా బొమ్మ వెళ్తుంది. మనిషి వస్తే మంచిదే, రాకపోతే ఎవరికీ నష్టం లేదు. నీడలో కూడా చోటు చాలట్లేదు. ఎర్ర దారం నియమం తీసేస్తే అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు. మీ మామ్మ కోరుకున్నది అదే కదా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. హంసిని సంతకం చేసింది. చేదోడు మనసులోంచి మాటపట్టుని తన చేతులతోనే తీసేసింది.

ఆ తర్వాత ఆ వీధిలో ఎవరూ పస్తు లేరు. ఎవరూ పడిపోయి ఎదురుచూడలేదు. అసలు ఎదురుచూడటమే పోయింది. ముసలివాళ్ళు అరుగు మీద కూర్చోవడం మానేశారు, ఎవరి కోసం కూర్చోవాలి గనక. సాలూరు పద్ధతి రాష్ట్రమంతా పాకింది.

కొన్నేళ్ళకి హంసినికి యాభై నిండాయి. చట్టం ప్రకారం చేదోడు ఆమెకి రేపటి పటం గీసి ఇంటి గోడ మీద చూపించింది. చూపు ఎప్పుడు మసకబారేదీ, వేళ్ళు ఎప్పుడు వణికేదీ ఉంది. ఆ పక్కన దారాలు మెరుస్తున్నాయి. అన్నీ తెల్లవే, చక్కగా, ఒక్క చోట కూడా తెగకుండా.

ఇందుజ అప్పటికి ఇరవై నాలుగేళ్ళది. లారీల బ్యాటరీ షెడ్డు నుంచి వచ్చి, చేతులు కడుక్కోకుండానే పటం ముందు నిలబడింది.

"ఇందులో నా పేరేది?"

"ఎవరి పేరూ ఉండదండి" అంది చేదోడు.

"మా అమ్మకి కళ్ళు కనపడకపోతే నేను చూసుకుంటాను. రాసుకో."

"మాటకి పటంలో చోటు లేదండి. మీ అమ్మగారే తీసేశారు."

ఇందుజ తల్లి వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు, తడబాటు లేదు. "నేను చూసుకుంటానమ్మా. దానికి రాసుకోవడం రాకపోతే పోనీ, నువ్వు విన్నావు కదా."

హంసిని విన్నది. కూతురి మాటని లోపల మళ్ళీ ఒకసారి తిప్పి విన్నది. చివర ఏమైనా మింగేసిందా, గొంతు ఎక్కడైనా తగ్గిందా అని మాట అంచుల్ని తడుముతూ ఉండిపోయింది.

"ఏంటమ్మా అలా చూస్తావు. నువ్వూ నమ్మలేదా?" అంది ఇందుజ.

"నమ్మాన్లే" అంది హంసిని.

గెంబలి పారమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది రామభద్రపురంలో, చిన్న కూతురి దగ్గర